పేరు చెక్కిన డబ్బా

"…మరి నీదిగాని సంచిల నీ చెయ్యెందుకు వడ్డది అంటున్న! ముందుగాల గది చెప్పు."

"చెయ్యి వెడితెనే కద సారూ, ఎవలదో తెలిసేది."

"తెల్వద్దు! తెల్వని సంచి తెల్వనట్లే ఉండాలె. గదే రూలు."

"ఉండనిస్తే కుక్కలు గుంజుకపోతయి."

"పోనీ! కుక్కలకు డ్యూటీ లేదు, నీకున్నది."

వికారాబాద్‌కూ తాండూరుకూ నడుమ, రోజుకు ఆరు బండ్లు మాత్రమే ఆగే మొగిలిగుండ స్టేషన్‌లో సోమవారం పొద్దున జరిగిన మాటలివి. అరుస్తున్నవాడు చంద్రకాంత్. ఊడ్పు పనికి కాంట్రాక్టరు పెట్టిన సూపర్‌వైజరు, ఇరవై ఏడేళ్లవాడు, ఒక్క మోటారుసైకిలు మీద నాలుగు స్టేషన్లు తిరిగేవాడు. బదులు చెబుతున్నది రాహేలమ్మ. యాభై మూడేళ్ల మనిషి. అదే ప్లాట్‌ఫాం మీద చీపురు పట్టి పంతొమ్మిదేళ్లయింది.

గొడవకు కారణం పెద్దదేమీ కాదు. శనివారం ఎవరో ముసలాయన బెంచీ కింద సంచి మరిచి బండెక్కాడు. లోపల జొన్నపిండి, ఒక తువ్వాల, దవాఖాన చీటీ ఉన్నాయి. చీటీ మీది పేరూ ఊరూ చదివి, కోట్‌పల్లి వైపు పోయే ఆటోలో పెట్టి పంపింది రాహేలమ్మ. ముసలాయన మర్యాద తెలిసినవాడు కావడంతో అసలు చిక్కు వచ్చింది. సోమవారం పనిగట్టుకుని వచ్చి, ఒక బుట్టెడు సీతాఫలాలు ఆమె ముందు పెట్టి, సరిగ్గా చంద్రకాంత్ ఎదుటే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. సంచి దొంగిలించి ఉంటే సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

"ఇదే ఆఖరు రాహేలమ్మా," అన్నాడు చంద్రకాంత్. "ఇంకొక్క సంచి ముట్టినవని తెలిసిందో, హాజరు పుస్తకంల నీ పేరు కొట్టేస్త. గీ చీపురు కోసం మస్తుమంది తిరుగుతున్నరు నా ఎనుక."

బుట్టలోంచి ఆరు సీతాఫలాలు, బాగా పండినవి, ఏరి తన బ్యాగులో వేసుకుని వెళ్లిపోయాడు.

రాహేలమ్మ చీపురు గోడకానించి కాసేపు కూర్చుంది. పేరు కొట్టేస్తే ఏమవుతుందో ఆమెకు లెక్క వేసి చెప్పనక్కర్లేదు. భర్త జంగప్ప బండల గనిలో నడుము విరిగి మంచాన పడి రెండేళ్లయింది. ఇంట్లో పొయ్యి మండేది ఈ చీపురు వల్లే. కాబట్టి ఆ క్షణాన ఒట్టు పెట్టుకుంది, ఇక ఏ సంచీ ముట్టనని. ఆ ఒట్టు గురువారం దాకా నిలబడింది.

రాహేలమ్మకు సంవత్సరాలు అంకెలతో గుర్తుండవు. చెత్తడబ్బాలు పోయిన ఏడు, దర్వాజ వచ్చిన ఏడు, కార్డు ఏడు అని చెబుతుంది. లోకంలో ఎక్కడో ఒకడు ఒక సంచి వదిలేసి పోతాడు, అది పేలుతుంది. ఆ చప్పుడు మొగిలిగుండకు వినబడదు. కానీ ఆరు నెలలకో ఏడాదికో కాగితమై తప్పకుండా వచ్చి చేరుతుంది.

మొదట ఏదో పెద్ద నగరంలో చెత్తడబ్బాలో బాంబు పెట్టారని వార్త. మొగిలిగుండలో ఉన్న రెండు చెత్తడబ్బాలనూ పెకిలించి తీసుకుపోయారు. అరటి తొక్కలూ చాయ్ కప్పులూ నేల మీదే పడసాగాయి. రాహేలమ్మకు రెండు ఊడ్పులు నాలుగయ్యాయి. తర్వాత ఇంకో శాఖ వారు స్వచ్ఛత అంటూ పచ్చదొకటి, నీలందొకటి డబ్బాలు తెచ్చి బిగించారు. ఆ మరుసటి ఏడు ఇంకే దేశంలోనో పేలింది, మొదటి శాఖ వారు వచ్చి వాటినీ పీకేశారు. ఇప్పుడు ఆ చోట నాలుగు బోల్టులు మిగిలాయి. వాటికి ఆమె మేకను కట్టేస్తుందని చంద్రకాంత్ అనుమానం. అది నిజమే.

దర్వాజ వచ్చినప్పుడు ఊరంతా చూడటానికి వచ్చింది. తలుపు లేని చౌకట్టు ఒకటి, లోపలినుంచి పోతే ఇనుము ఉన్నవాణ్ని పట్టిస్తుందట. దాన్ని గేటులో నిలబెట్టి, కరెంటు వైరు రేపు వేస్తామని చెప్పిపోయిన మనిషి తొమ్మిదేళ్లయినా రాలేదు. జనం దాని పక్కనుంచి నడుస్తారు. రాహేలమ్మ దాని మీద తుడుపుగుడ్డలు ఆరేస్తుంది.

కార్డు సంగతి మాత్రం ఆమె కొంచెం గొంతు తగ్గించి చెబుతుంది. పనివాళ్లందరికీ ఫొటో కార్డులుండాలని ఒక ఏడు హుకుం వచ్చింది. కాంట్రాక్టరు ఆఫీసులో ఎవరో ఆమె పేరు రహీమమ్మ అని కొట్టారు. ఒక్కసారి జరగాల్సిన విచారణ మూడుసార్లు జరిగింది. మూడోసారి వచ్చినతను ఇంట్లో గోడ మీది శిలువ చూసి, "మరి ముందే చెప్పొద్దామ్మా," అని నవ్వుతూ చాయ్ తాగి పోయాడు. "ఒక్క అక్షరం తేడావడితెనే మూడుసార్లు అచ్చిన్రు," అంటుంది రాహేలమ్మ. "అక్షరం తేడా లేకుంట నిజంగ ఆ పేరే ఉన్నోళ్లింటికి ఎన్నిసార్లు పోతరో." కార్డు ఇప్పటికీ అదే. మెడలో తిప్పి వేసుకుంటుంది.

ఇవన్నీ నవ్వుతూనే చెబుతుంది. నవ్వకుండా చెప్పేది ఒకటుంది. చాయ్ బండి దగ్గరి టీవీలో ఒకసారి పేలుడు జరిగిన స్టేషన్ ఒకటి చూపించారు. పట్టాల పక్కన చెప్పులు, సంచులు, అన్నం గిన్నెలు కుప్పగా పోశారు. చేతులకు తొడుగులేసుకున్న పోలీసు ఒక్కోదానికి ఒక్కో నంబరు చీటీ కడుతున్నాడు. "నంబర్లెందుకు, పేర్లు చూడొచ్చు కద?" అని అడిగింది రాహేలమ్మ. చాయ్ బండాయన టీవీ గొంతు తగ్గించాడు. ఆ ఆదివారం చర్చిలో పాస్టరు ఆ ఊరి పేరు చెప్పి ప్రార్థన చేయించినప్పుడు, అందరూ చనిపోయినవారి కోసం ప్రార్థించారు. ఆమె ఆ గిన్నెల కోసం కూడా ప్రార్థించింది, అవి ఇల్లు చేరాలని. మరిచిపోయిన సంచి కనబడితే ఆమె చెయ్యి ఊరుకోకపోవడం ఆ తర్వాత ఇంకా ఎక్కువైంది.

ఈసారి కాగితం రెండు నెలల కిందట బయల్దేరింది. ఎక్కడో సముద్రాల అవతల రైల్వే స్టేషన్‌లో సంచి పేలింది. మూడు దేశాల నాయకులు కఠినంగా వ్యవహరిస్తామన్నారు. ఆ మాట ఢిల్లీలో ఉత్తర్వు అయింది, హైదరాబాద్‌లో దాని కింద ఒక గీత పడింది, కిందికి దిగుతున్నకొద్దీ ప్రతి బల్ల మీదా ఇంకో గీత పడుతూ వచ్చింది. మొగిలిగుండ చేరేసరికి అది ఒక ఇన్‌స్పెక్టరు, నలుగురు కానిస్టేబుళ్లు, ఒక కుక్క అయింది. ఉత్తుత్తి బాంబు పెట్టి, ఎవరు ఎంతసేపట్లో పసిగడతారో చూడాలి. దాన్ని మాక్ డ్రిల్ అంటారు. సిబ్బందికి ముందు చెప్పకూడదు. చెబితే డ్రిల్లు కాదు, నాటకం అవుతుంది. తెలిసినవాడు స్టేషన్ మాస్టర్ కుమారస్వామి ఒక్కడే. రహస్యం కాపాడటానికి ఆయన గురువారం పొద్దున్నుంచీ పన్నునొప్పి ఉన్నవాడిలా దవడ పట్టుకుని తిరిగాడు.

గురువారం రెండో బెంచీ కింద నల్ల రెక్సిన్ బ్యాగు కనబడింది.

రాహేలమ్మ చూసింది, కళ్లు తిప్పుకుంది. బెంచీ చుట్టూ ఊడ్చింది. అవతలి కొస దాకా ఊడ్చి, అవసరం లేకపోయినా మళ్లీ వెనక్కి ఊడ్చుకుంటూ వచ్చింది. బ్యాగు అక్కడే ఉంది. తాండూరు పోయే పాసింజరు కోసం కూర్చున్నవాళ్లను ఒక్కొక్కరినీ అడిగింది, ఎవరిదీ కాదన్నారు. మూడోసారి వచ్చినప్పుడు దాని ముందు చతికిలబడింది. చెయ్యి పెట్టొద్దు అన్నాడు కదా చంద్రకాంత్. పెట్టలేదు. చీపురు కట్ట మొదలుతో జిప్పు లాగింది.

లోపల స్టీలు సద్దిడబ్బా ఉంది. మూత పక్కన మిషను చుక్కలతో చెక్కిన అక్షరాలు మెరుస్తున్నాయి. 'హన్మమ్మ బస్వరాజ్, పాత తాండూరు, గృహప్రవేశం.'

పేరు చదివాక ఇక ఒట్టు నిలవలేదు. పేరు లేని సంచి అంటే వేరు. పేరూ ఊరూ చెక్కి ఉన్న గిన్నెను అనాథలా వదిలేయడం ఆమెకు చేతకాదు. డబ్బా బయటికి తీసి మూత తిప్పింది. లోపల ఎర్రమట్టి ముద్ద, దానిలో గుచ్చిన రెండు వైర్లు, పైన చిన్న అలారం గడియారం.

ఆమెకు వెంటనే అర్థమైపోయింది. కిందటేడు మనవరాలు స్కూల్లో సైన్స్ ఫెయిర్‌కు చేసిన అగ్నిపర్వతం అచ్చం ఇలాగే ఉండింది. మట్టి, వైర్లు, మధ్యలో ఒక బుల్బు. పొద్దున్నే ఎవరి పిల్లో బడికని బయల్దేరి మరిచిపోయింది. ఇప్పుడు టీచరు ముందు నిలబడి ఏడుస్తూ ఉంటుంది.

పాసింజరు కూత వినబడింది. తాండూరులో బండల పాలిష్ పనికి పోయే శంకరప్ప ఎప్పటిలాగే మూడో పెట్టె ఆగేచోట నిలబడి ఉన్నాడు. బషీరాబాద్ వైపు పుట్టినవాడు, మాటలో కన్నడం కలుస్తుంది. రాహేలమ్మ పంపే వస్తువులన్నిటికీ ఆయనే టపా.

"ఏనక్కా, ఈ పొద్దేం పార్సిలు?"

"పైలం శంకరప్పా. కిందికి మీదికి చెయ్యకు. అగ్నిపర్వతం ఉన్నది."

"ఎవరి కడుపులక్కా?"

"నీ తలకాయల! డబ్బల ఉన్నది. పాత తాండూరు, హన్మమ్మ. నీ పాలిష్ మిషను గల్లీనే కావొచ్చు. జర జల్ది ఇయ్యి, పిల్ల బడిల ఏడుస్తుంటది."

"ఆయ్తు, ఆయ్తు," అని తలూపి డబ్బా ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు శంకరప్ప. బండి కదిలింది. రాహేలమ్మ ఖాళీ రెక్సిన్ బ్యాగును దులిపి, మడిచి, దర్వాజ మీద తుడుపుగుడ్డల నడుమ ఆరేసింది.

పోలీసులు రావలసింది తొమ్మిదిన్నరకు. లెవెల్ క్రాసింగు దగ్గర గేటు పడటంతో కుక్క బండి ఆగిపోయి, పది దాటాక దిగారు. ఇన్‌స్పెక్టరు చంద్రశేఖర్ చేతి గడియారం చూసుకున్నాడు. కానిస్టేబుల్ బాల్‌రాజ్ తాను పొద్దున పెట్టిపోయిన బ్యాగు కోసం ధైర్యంగా రెండో బెంచీ దగ్గరికి నడిచి, వంగి, చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు.

"ఏందయ్యా?"

"లేదు సార్."

"ఏం లేదు?"

"బాంబు సార్."

ఇన్‌స్పెక్టరు కూడా వంగి చూశాడు. ఆ తర్వాత అరగంట మొగిలిగుండ ఎన్నడూ ఎరగని హడావిడి జరిగింది. ఉత్తుత్తి బాంబు నిజంగానే పోయింది. దొరకకపోతే పైకి ఏమని రాయాలి? దాన్ని ఎవడో రైల్లో విప్పి చూసి, వైర్లు చూసి గొలుసు లాగితే? రేపు పేపర్లో ఎవరి పేరు పడుతుంది? చంద్రశేఖర్ బావి గట్టు, పెంకుల షెడ్డు, మేక, అన్నీ వెతికించాడు. కుక్క నేరుగా పోయి, కబురు అందుకుని అప్పుడే దిగిన చంద్రకాంత్ బ్యాగు ముందు కూర్చుంది. తెరిస్తే మెత్తబడిపోయిన సీతాఫలాలు బయటపడ్డాయి.

"మీవాళ్లెవరన్న ముట్టిన్రా?"

"మా స్టాఫు ముట్టరు సార్," అన్నాడు చంద్రకాంత్, ఛాతీ ముందుకు పెట్టి. "సోమవారమే గట్టిగ చెప్పిన. రాహేలమ్మా, చెప్పలేదా?"

"చెప్పిన్రు సారూ," అంది రాహేలమ్మ.

ఆమె అబద్ధమేమీ ఆడలేదు. వాళ్లు వెతుకుతున్నది బాంబు. బాంబును ఆమె కళ్లతో చూడలేదు. మొదట ఏం పోయిందో తెలియక తానూ నాలుగు మూలలు వెతికింది కూడా. నల్లా దగ్గర ముఖం కడుక్కుంటున్న బాల్‌రాజ్ తనలో తాను గొణుక్కోవడం విన్నాకే ఆమె చేతిలో చీపురు ఆగింది.

"అయిపోయిన. ఉద్యోగం పోయినా ఫికర్ లేకుండె. గది అత్తమ్మ డబ్బా."

"ఎవల అత్తమ్మ, నాయనా?"

"మా అత్తమ్మనే. దసరాకు మటన్ ఏంచి పంపింది. వాపసియ్యలేదు ఇంక. డ్రిల్లుకు స్టీలు డబ్బా గావాలన్రు. పొద్దుగాల మా ఇంటిది నిరోషా తానం చేస్తుంటే షెల్పుల కెల్లి తీసుకొచ్చిన. మట్టి వోసిన, గడియారం వెట్టిన…"

"మీ అత్తగారిది పాత తాండూరా?"

బాల్‌రాజ్ తల ఎత్తాడు. "నీకెట్ల ఎరుక?"

రాహేలమ్మ నల్లా కట్టేసింది. చెబితే హాజరు పుస్తకంలో పేరు ఉండదు. చెప్పకపోతే? డబ్బా ఎటూ తాండూరు చేరే ఉంటుంది, తనను ఎవరూ అడగలేదు, శంకరప్ప సాయంత్రం దాకా రాడు. ఊరుకుంటే ఊరుకోవచ్చు. జంగప్ప మంచం కళ్ల ముందు కనిపించింది. అంతలో అటువైపు ఇన్‌స్పెక్టరు గొంతు వినిపించింది.

"వికారాబాద్ పోయే బండి ఇక్కడ ఆపియ్యి కుమారస్వామీ. ఒక్కొక్కని సంచి విప్పాలె. ప్లాట్‌ఫాం మీదున్నోళ్లది కూడ. ఎంతసేపైతె గంతసేపు."

పోలీసులు అప్పుడే మొదలుపెట్టారు. బెంచీ మీద కూర్చున్న ఒక చూలాలి సంచి నేల మీద కుమ్మరించారు. దవాఖాన కాగితాలు, చీర, చిన్న చిన్న పొత్తిగుడ్డలు పడ్డాయి. కుప్పగా. ఆ పిల్ల గుడ్డలు ఏరుకోవడానికి వంగలేక వంగుతోంది.

రాహేలమ్మ చీపురు పడేసి నడిచి వచ్చింది.

"సంచులు విప్పకుర్రి సారూ. బాంబు సంగతి నాకు తెల్వది. డబ్బా అయితె నేనే పంపిన."

"ఏడికి?"

"ఇంటికి."

"ఎవరింటికి?"

"దాని ఇంటికే సారూ. పేరున్నది కద."

చంద్రశేఖర్ బాల్‌రాజ్ వైపు తిరిగాడు. "బాంబు మీద పేరున్నదా?"

"గృహప్రవేశం డబ్బా సార్," అన్నాడు బాల్‌రాజ్ నేల చూస్తూ.

"అడ్రస్ కూడ?"

"ఊరు మటుకే సార్. ఇంటి నంబరు లేదు."

కుమారస్వామికి పన్నునొప్పి మళ్లీ వచ్చింది. దవడతో పాటు నోరు కూడా అరచేత్తో మూసుకుని గోడ వైపు తిరిగాడు.

"నువ్వు మూత తీసి చూసినవా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు రాహేలమ్మతో. "వైర్లు, గడియారం చూసి భయమనిపియ్యలేదా?"

"అగ్నిపర్వతమనుకున్న సారూ. పిల్లలు బడిల చేస్తరు కద. ఏమాటకామాట, మా మనవరాలు దీనికంటె మంచిగ చేసింది."

చంద్రకాంత్ అప్పటికే హాజరు పుస్తకం తెరిచాడు. "సోమవారమే చెప్పిన సార్. మీ ముందట్నే పేరు కొట్టేస్త," అని పెన్ను మూత నోటితో లాగాడు. పెన్ను రాయలేదు. విదిలిస్తూ ఉండగానే తాండూరు వైపు నుంచి బండి వచ్చి ఆగింది.

దిగిన ఆడమనిషి బట్టతల పోలీసు ఒకణ్ని, కుక్కను పట్టుకున్న ఒకణ్ని, పసుపు రిబ్బను పట్టుకున్న ఒకణ్ని దాటుకుంటూ, ఎవరూ ఆపకుండానే గేటు దాకా నడిచింది. నెత్తి మీద కొంగు, చంకలో స్టీలు డబ్బా. పక్కనుంచి దారి ఉండగా, తొమ్మిదేళ్లలో ఎవరూ పోనట్టు, దర్వాజ లోపలినుంచే మర్యాదగా తల వంచుకుని దాటింది. దర్వాజ కిక్కురుమనలేదు.

"ఏడీ మా అల్లుడు?"

బాల్‌రాజ్ నల్లా వెనక్కి జరిగాడు. "అత్తమ్మా…"

"ఏందయ్యా అల్లుడా, డబ్బా ఖాళీగ వాపసియ్యొద్దు, ఏదన్న ఏసి ఇయ్యాలె, గది నాకు తెలుసు. చక్కెర ఎయ్యి. పసుపు ఎయ్యి. బియ్యమన్న ఎయ్యి. మట్టి ఏస్తరా? మటన్ పంపిన మనిషి నోట్ల మట్టి గొడ్తరా?" హన్మమ్మ డబ్బాను ఇన్‌స్పెక్టరు ముందు వేసిన బల్ల మీద దబ్బున పెట్టింది. ఇద్దరు కానిస్టేబుళ్లు అలవాటు కొద్దీ వెనక్కి దూకారు. "గడియారం కూడ వెట్టిన్రు. ఏందా గడియారం? నా టైం అయిపోయిందని చెప్పుడా? బిడ్డకు ఫోన్ చేస్తే, మొగుడు మొగిలిగుండల డ్యూటీ మీదున్నడన్నది. గదేం డ్యూటీ, అత్తలకు మట్టి పంపుడా?"

"గది సర్కారు మట్టి అత్తమ్మా," అన్నాడు బాల్‌రాజ్.

"అయితె సర్కారుకే చెప్త. ఎవరయ్యా సర్కారు ఇక్కడ?"

అందరూ చంద్రశేఖర్ వైపు చూశారు. ఆయన తన ముందున్న నాలుగు పేజీల ఫారం వైపు చూశాడు. అందులో మొదటి గడి: అనుమానిత వస్తువును గుర్తించడానికి పట్టిన సమయం. ఇరవై నిమిషాలకు మించరాదు అని కింద సన్న అక్షరాలతో ఉంది.

"ఎన్ని గంటలకు వెట్టినవ్ బాల్‌రాజ్?"

"ఎనిమిదిన్నరకు సార్."

"నువ్వెప్పుడు చూసినవమ్మా?"

"చాయ్ బండోడు రెండో గిన్నె పొయ్యి మీద వెట్టినప్పుడు సారూ."

చాయ్ బండాయన్ను అడిగితే, రెండో గిన్నె ఎప్పుడూ ఎనిమిదీ ముప్పై నాలుగుకు పెడతానని, టీవీలో వార్తల ముక్క అప్పుడే వస్తుందని చెప్పాడు. నాలుగు నిమిషాలు. చంద్రశేఖర్ రాయబోయి ఆగాడు. రెండో గడి: జనసమ్మర్దం నుంచి వస్తువును దూరం చేయడానికి పట్టిన సమయం. మూడో గడి: యజమానిని గుర్తించడానికి పట్టిన సమయం. మూడో గడి ఇంతవరకు ఆయన ఏ ఫారంలోనూ నింపలేదు.

"రూలు తప్పింది కద సార్," అన్నాడు చంద్రకాంత్. పెన్ను ఇప్పుడు రాస్తోంది, అరచేతి మీద గీసి చూసుకున్నాడు. "ముట్టొద్దు, సమాచారం ఇయ్యాలె అని బోర్డే ఉన్నది."

"ఎవరికియ్యాలె సమాచారం? ఇక్కడ పోలీసు ఉన్నడా?"

"బోర్డు మీద నంబరున్నది సార్."

"కుమారస్వామీ, కొట్టి చూడు."

కుమారస్వామి బోర్డు చూస్తూ నంబరు నొక్కి, ఫోను అందరికీ వినబడేలా పెట్టాడు. మీరు డయల్ చేసిన నంబరు వాడుకలో లేదని ఒక అమ్మాయి మూడు భాషల్లో చెప్పింది.

చంద్రశేఖర్ టోపీ తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. ఫారం పట్టుకుని లేచి, కుమారస్వామిని వెంటబెట్టుకుని స్టేషన్ మాస్టర్ గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు.

రాహేలమ్మ ముందు చూలాలి గుడ్డలు ఏరి, మట్టి దులిపి, మడిచి సంచిలో పెట్టి ఇచ్చింది. తర్వాత బల్ల మీది డబ్బా తీసుకుని నల్లా దగ్గరికి నడిచింది. ఎర్రమట్టి ముద్దను మొక్క పాదులో వేసి, వైర్లూ గడియారమూ బాల్‌రాజ్ చేతిలో పెట్టి, డబ్బాను బూడిదతో తోమింది. అక్షరాల సందుల్లో ఇరుక్కున్న మట్టిని గోటితో తీసింది. కొంగుతో తుడిచింది. బుట్టలో మిగిలిన సీతాఫలాల్లో మూడు పట్టాయి. మూత బిగించి హన్మమ్మకు అందించింది.

"ఖాళీగ ఇయ్యలేదక్కా," అంది.

"నువ్వేనా పంపింది?" హన్మమ్మ మూత పక్కనున్న పేరును వేలితో తడిమి చూసుకుంది. "గీ జమానాల గిన్నె మీద పేరు ఎవరు చదువుతున్నరు అక్కా. నీ పేరేంది?"

రాహేలమ్మ చెప్పింది. చంద్రకాంత్ హాజరు పుస్తకం మోకాలి మీద పరిచి, ఆ పేరు ఉన్న వరుస మీద పెన్ను ఆనించి, మూసిన తలుపు వైపు చూస్తున్నాడు.

తలుపు తెరుచుకోలేదు. ప్లాట్‌ఫాం కప్పుకు వేలాడే మైకు గరగరమంది. కుమారస్వామి గొంతు సవరించుకున్నాడు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. స్టేషన్ ఆవరణలో ఎవరిదో తెలియని సంచి గానీ, డబ్బా గానీ కనిపిస్తే దయచేసి ముట్టవద్దు. వెంటనే రాహేలమ్మకు చెప్పండి."